తులం రూపాయి, మూరెడు గోడ: సరిహద్దు ఊళ్లలో పాత బ్యాంకు భవనాలు అలా ఎందుకు ఉంటాయి?

సంక్షిప్తంగా: ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు బజారు వీధుల్లో అక్కడక్కడా మిగిలిన పాత బ్యాంకు భవనాలకి లావు గోడలు, ఎత్తు అరుగులు, గుండ్రటి స్తంభాలు ఉండటానికి మూడు కారణాలున్నాయి. వెండి రూపాయల బరువు, బ్యాంకు దివాలా తీస్తుందేమోనన్న జనం భయం, ఈ తీరపు ఎండావానా. మొదటి రెండూ ఇప్పుడు లేవు, అందుకే బ్యాంకులు ఆ భవనాలు వదిలి కాంప్లెక్సుల్లోకి పోతున్నాయి. ఖాతాదారుల డబ్బుకీ ఈ మార్పుకీ సంబంధం లేదు.

ముందుగా, గేటు మీది కాగితం

ఎప్పటినుంచో ఒకే చోట ఉన్న బ్యాంకు గేటుకి ఒక పొద్దున కాగితం అంటించి ఉంటుంది, శాఖ ఫలానా కాంప్లెక్సులోకి మారిందని. కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. పెన్షన్ కోసం వచ్చిన తెలుగు పెద్దావిడ పక్కవాళ్లని చదివి పెట్టమంటుంది, వాళ్లు సగం చదివి సగం ఊహించి చెబుతారు, సాయంత్రానికి ఊళ్లో బ్యాంకు ఎత్తేశారట అన్న మాట తిరుగుతుంది. దానికి తోడు పేపర్లో "బ్యాంకు వేలం" అన్న ప్రకటన కనబడితే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నిజానికి ఆ ప్రకటనల్లో ఎక్కువ భాగం బాకీ కట్టనివాళ్ల ఆస్తుల్ని బ్యాంకు వేలం వేయడం గురించి, బ్యాంకునే వేలం వేయడం గురించి కాదు.

శాఖలు మారడానికి దగ్గరి కారణం విలీనాలు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌తో సహా ఐదు అనుబంధ బ్యాంకులు స్టేట్ బ్యాంకులో కలిశాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన బ్యాంకు పేరు ఆ రోజుతో బోర్డు మీంచి పోయింది గానీ జనం నోట్లోంచి పోలేదు, సరిహద్దుకి ఇటువైపు తెలుగువాళ్లు చాలామంది ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకు దగ్గర దిగాలి" అనే ఆటోవాడికి చెబుతారు. ఒకే వీధిలో ఒకే బ్యాంకుకి రెండు శాఖలు తేలితే ఒకదాన్ని ఎత్తి రెండోదాంట్లో కలపడం మామూలే. ఖాతా, డిపాజిట్, తాకట్టు పెట్టిన బంగారం అన్నీ కొత్త చోటికి వెళ్తాయి.

ఇంత గట్టి సొంత భవనం వదిలి అద్దె చోటుకి పోవడమేమిటి అన్న ప్రశ్నకి మాత్రం ఒక్క ముక్కలో జవాబు రాదు. ఆ భవనం అసలు ఎందుకు కట్టారో చూడాలి.

డబ్బుని ఎత్తి మోసిన కాలం

బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అప్పట్లో రూపాయినే తూనికరాయిగా వాడేవాళ్లు కూడా. మద్రాసు లెక్కలో 120 తులాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఆ లెక్కన వెయ్యి రూపాయలు సంచిలో పోస్తే మణుగు పైచిలుకు, ఒక మనిషి భుజాన వేసుకుని పోగలడు. లక్ష రూపాయలంటే 1,166 కిలోలు, దానికి రెండెడ్లబండి కట్టాలి. ఈ రోజు లక్ష రూపాయలు 500 నోట్లలో అయితే 200 కాగితాలు, తూస్తే పావుకిలోకి అటూ ఇటూ.

నోట్లు అప్పటికే ఉన్నాయి కదా అనొచ్చు. 1861 నుంచి ప్రభుత్వ నోట్లు ఉన్నమాట నిజమే, కానీ 1917 దాకా 5 రూపాయలకి తక్కువ నోటు లేదు. కొండల మీంచి పసుపు, చింతపండు, నువ్వులు దింపుకొచ్చిన వాడి చేతికి వచ్చేది రెండు మూడు రూపాయలు, అది వెండిలో రావలసిందే. గంజాం జిల్లాలాంటి చోట ఏడాదంతా డబ్బు ఒకేలా నడవదు. పంటలు బజారుకి వచ్చే నెలల్లో వెండి బ్యాంకులోంచి, ట్రెజరీలోంచి బయటికి పారుతుంది, శిస్తులు కట్టే నెలల్లో తిరిగి లోపలికి వస్తుంది. మధ్యలో కొన్ని వారాలపాటు అదంతా ఒకేచోట కుప్పగా ఉంటుంది. ఆ కుప్పని మోయడానికి, కాయడానికి కట్టినదే ఈ భవనం.

స్ట్రాంగ్ రూం ఎప్పుడూ నేల మట్టాన, అందులోనూ పూర్తిగా పూడ్చిన పునాది మీద ఉండేది అందుకే. చెక్కదూలాల అంతస్తు మీద టన్నుల వెండి పెట్టలేరు. పైఅంతస్తు ఉంటే అందులో చాలాచోట్ల ఏజెంటు కాపురముండేవాడు, అప్పట్లో మేనేజరుని ఏజెంటు అనేవాళ్లు. రాత్రి కింద డబ్బు, పైన దానికి జవాబుదారీ అయిన మనిషి. ఏర్పాటు కొంచెం కర్కశంగానే ఉంటుంది, కానీ పనిచేసేది.

1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947 నాటికి నికెల్ రూపాయి వచ్చింది, అదే కాలంలో ఒక రూపాయి నోటు మళ్లీ చలామణీలోకి వచ్చింది. అంటే లావుగోడల బ్యాంకుకి కారణమైన బరువు ఒక పదేళ్లలో కరిగిపోయింది. అయినా ఆ గోడల మధ్యనే ఉద్యోగం ఇంకో డెబ్బై ఏళ్లు సాగింది.

వీధిలోంచి లోపలికి

ఇలాంటి భవనం ముందు నిలబడి వరసగా చూస్తే ప్రతి భాగానికీ ఒక పని కనిపిస్తుంది. ముందు మూడు నాలుగు మెట్లు, ఎత్తు అరుగు. వాననీళ్లు, చెదలు లోపలికి రాకుండా ఒకటి, నేలకింద కన్నం వేసేవాడికి తవ్వాల్సింది ఎక్కువ కావాలని ఇంకొకటి. తర్వాత లోతైన వరండా. దీన్ని నీడకోసం అనుకుంటారు, అది నిజమే, కానీ సంత రోజున వంతు కోసం కూర్చునే రైతులకి హాల్లో చోటు ఇవ్వకుండా ఇక్కడే ఆపడం కూడా దాని పనే. తలుపుకి ఇటూ అటూ ఉండే సిమెంటు బల్లలు మటుకు తర్వాత చేర్చినవి, వాటి అంచులు చూస్తే తెలిసిపోతుంది.

లోపల హాలు కప్పు పదిహేను అడుగులకి తగ్గదు. పైన గోడలో వరసగా చిన్న వెంటిలేటర్లు, వేడెక్కిన గాలి పైకి పోయి వాటిలోంచి బయటికి వెళ్తే కింద కిటికీల్లోంచి చల్లగాలి లాగుతుంది. ఫ్యాను లేని కాలంలో చెమట చేతులతో లెడ్జరు రాసేవాడికి ఇది సౌకర్యం అనడం కన్నా అవసరం అనాలి, సిరా అలుక్కుపోతే లెక్క పోయినట్టే.

హాలుకి ఒక పక్క ఇనప ఊచల పంజరం, అందులో క్యాషియరు. ఈ పంజరం వెనక ఒక పాత పద్ధతి ఉంది. నగదు పని బ్యాంకు గుమాస్తాలది కాకుండా, పూచీ డబ్బు కట్టిన షరాబుదో (నాణేలు మార్చే వ్యాపారి) ఖజాంచీదో అయి ఉండేది చాలాచోట్ల, నాణెం మోగించి చూసి మంచిదో చెల్లనిదో తేల్చేది అతని మనుషులే, లోటు వస్తే కట్టుకోవలసిందీ అతనే. బాధ్యత వేరు కాబట్టి చోటు కూడా ఊచలతో వేరు చేశారు. పద్ధతి పోయింది, ఊచలు ఉండిపోయాయి.

పంజరం వెనకే స్ట్రాంగ్ రూం. గోడ రెండు ఇటుకల మందం, అంటే 18 అంగుళాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. వీధి గోడని ఇది తాకకూడదు. చుట్టూ మనిషి పట్టేంత సందు వదిలితే కాపలావాడు లాంతరు పట్టుకుని నాలుగు గోడలూ చూసుకుంటూ తిరగొచ్చు, ఎవడైనా కన్నం మొదలుపెడితే తెల్లారేలోపు కంటబడుతుంది. తలుపుకి రెండు తాళాలు, రెండు తాళపుచెవులూ ఇద్దరి దగ్గర. ఒక్కడే తీయలేడు. తాలూకా ట్రెజరీ భవనాల్లోనూ ఇదే పోలిక కనిపిస్తుంది, ఎందుకంటే పని ఒకటే, కట్టిన మేస్త్రీలూ చాలాసార్లు వాళ్లే.

స్తంభాలు ఎవరికోసం

బరువుకీ దొంగకీ కావలసింది గోడలు, తాళాలు. ముందువైపు గుండ్రటి స్తంభాలు, పైన త్రికోణం, కిటికీల మీద కమాన్లు ఎందుకు మరి? ఇవి డిపాజిటుదారుడి కోసం.

1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూలింది. తెల్లదొరల కంపెనీ, పాతకాలం నుంచీ ఉన్న పేరు, అందులో దాచుకున్నవాళ్లు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. ఆ దెబ్బ తర్వాతే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1913 నుంచి నాలుగైదేళ్లు దేశంలో వరసగా బ్యాంకులు మూతపడ్డాయి. 1938లో ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు పడిపోయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా దాని శాఖల ముందు జనం నిలబడ్డారు. రిజర్వు బ్యాంకు వచ్చింది 1935లో, బ్యాంకుల మీద గట్టి చట్టం వచ్చింది 1949లో, డిపాజిట్లకి బీమా వచ్చింది 1962లో. అంతకుముందు బజారులో ఒక షావుకారు తన డబ్బు ఈ బ్యాంకులో పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి అతనికి కనిపించే సాక్ష్యం ఏముంది? బ్యాలెన్స్ షీటు చదవలేడు. భవనం చూడగలడు. ఇంత ఖర్చు పెట్టి రాతిలా కట్టినవాడు రాత్రికి రాత్రి పారిపోడు అన్న లెక్క అది.

ఈ లెక్క పెద్దఊళ్లలో ఇంకా భారీగా నడిచింది. మద్రాసులో బీచి రోడ్డు మీద బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1890ల చివర్లో హెన్రీ ఇర్విన్ పర్యవేక్షణలో కట్టించుకున్న ఎర్రటి ఇండో సారసెనిక్ (హిందూ, ముస్లిం, యూరప్ శైలులు కలిపిన) భవనంలో ఇప్పుడు స్టేట్ బ్యాంకు ఉంది. 1921లో బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు (తర్వాతి స్టేట్ బ్యాంకు) అయినప్పుడు ఐదేళ్లలో 100 కొత్త శాఖలు తెరవాలని ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. దాంతో బజారు ఊళ్లకి కూడా ఈ వేషం వచ్చింది. గుమ్మటాలకి పెట్టేంత డబ్బు లేదు కాబట్టి స్తంభాలు, త్రికోణం చాలన్నారు. దగ్గరికెళ్లి తడితే అవి రాతివి కావని తెలుస్తుంది, ఇటుకతో గుండ్రంగా పేర్చి, డంగు సున్నం పూసి, నున్నగా రుద్దినవే ఎక్కువ. నమ్మకం కలిగించే పనిలో ఈ మాత్రం నటన ఉందన్నమాట. సహకార చట్టాలు 1904లో, 1912లో వచ్చాక తయారైన సహకార బ్యాంకులు ఈ వేషం జోలికి అంతగా పోలేదు, వాటిలో సభ్యులే యజమానులు, ఒకరి ముఖం ఒకరికి తెలుసు.

ఆ నమ్మకం ఇప్పుడు గోడల్లోంచి చట్టంలోకి పోయింది. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుడికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. రేకుల షెడ్డులో ఉన్న శాఖకీ అదే బీమా, స్తంభాల భవనంలో ఉన్న శాఖకీ అదే బీమా.

మద్రాసు మిద్దె, బర్మా టేకు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ సంగతి తెలియాలంటే చరిత్ర పుస్తకమే అక్కర్లేదు, ఈ భవనాల కప్పు చూసినా చాలు. దాన్ని మద్రాసు టెర్రస్ అంటారు. దగ్గరదగ్గరగా చెక్కదూలాలు వేసి, వాటిమీద పలచటి చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికిస్తారు. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర పోసి రోజుల తరబడి చెక్కలతో కొడతారు, కొడుతూ బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతారు. చివర పలకలు పరిచి నీళ్లు పోయేలా కొంచెం వాలు ఇస్తారు.

సామాను ఎక్కడిదంటే, సున్నం రాయి దూరమైన చోట చిలికా సరస్సు గుల్లలు కాల్చిన గుల్లసున్నం ఉండేది. దూలాలకి కొండల్లోని గుగ్గిలం కలప, డబ్బున్నవాళ్లకి బర్మా టేకు. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాలపురం రేవు నుంచి రంగూనుకి స్టీమర్లు నడిచిన కాలం అది, ఇక్కడి కూలీలు ఆ ఓడల్లో రంగూను పోయేవాళ్లు. 1912 నుంచి జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారవడం మొదలయ్యాక ఇనప దూలాల మధ్య ఇటుక కమాన్లు కట్టే పద్ధతి కూడా బాగా పెరిగింది, రైల్వే కట్టడాల్లో అది ఎక్కువ.

ఈ బరువైన మిద్దె వల్ల ఇంకో లాభం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, గాలి వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని కూడా తుడిచిపెట్టింది. అలాంటి గాలి పెంకుల్ని, రేకుల్ని ఎగరగొడుతుంది. అడుగు మందం సున్నం మిద్దెని పైకి లేపడం దానివల్ల కాదు. వాన కారడం మాత్రం వేరే కథ, మిద్దె మీద రావిమొక్క వేరు దిగితే ఏ తుపానూ అక్కర్లేదు.

మహారాష్ట్ర సరిహద్దుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. నాందేడ్, దెగ్లూరు, ధర్మాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు (అంతకుముందు నిజాం సంస్థానపు) నేల. అక్కడ నల్లరాయి కాలికింద దొరుకుతుంది, ఇటుక మీద సున్నం పూసి రాయిలా చూపించాల్సిన పని లేదు. డబ్బు కూడా రెండు రకాలు, నిజాం హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ల కల్దారు, స్థూలంగా 7 హాలీలకి 6 కల్దార్లు. మిర్చి, పత్తి సరిహద్దు దాటినప్పుడల్లా ఈ మారకం జరగాలి, ఆ పని చాలాకాలం షరాబుల కొట్లలోనే నడిచింది. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పని మొదలుపెట్టింది 1942లో. అప్పటికి సిమెంటు కాంక్రీటు వచ్చేసింది, స్తంభాల మోజు తగ్గింది. అందుకే అటువైపు స్తంభాల బ్యాంకు కోసం వెతికేవాళ్లకి నిరాశే ఎక్కువ.

మంచి చేయబోయి

భవనం పాడవడం మొదలయ్యేది ఖాళీ అయ్యాక అనుకుంటారు. చాలాసార్లు అంతకు ముప్పై ఏళ్ల ముందే, బ్యాంకు నడుస్తుండగానే మొదలవుతుంది.

సున్నపు గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, దాని ఆరోగ్యం అంతా ఆ వదలడంలోనే ఉంది. పెచ్చులూడిన చోట సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొడితే దారి మూసుకుపోతుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ, తీరపు గాలి తెచ్చిన ఉప్పు లోపలే ఉండిపోయి ఇటుకని పిండి చేస్తాయి. బయటికి చూస్తే గోడ మెరుస్తూ ఉంటుంది. తర్వాత కంప్యూటర్ల కోసం ఏసీ వస్తుంది, ఏసీ కోసం వెంటిలేటర్లకి అట్టలు కొడతారు, పదిహేనడుగుల హాలుని చల్లబరచలేక పది అడుగుల దగ్గర ఫాల్స్ సీలింగ్ వేస్తారు. ఇక పైన దూలం ఎలా ఉందో, ఎక్కడ కారుతోందో, చెదలు ఎంతదాకా వచ్చాయో ఎవరికీ కనబడదు. వరండాలో ఒక మూల ఏటీఎం కోసం అద్దాల గది కడతారు. ఈ మార్పుల్లో ఏదీ దురుద్దేశంతో చేసింది కాదు, అన్నీ ఎవరో ఒక ఇంజనీరు ఫైలు మీద సంతకం పెట్టి చేసినవే.

దీనికి తోడు నియమాలు మారాయి. నగదు నిల్వ చేసే కొత్త కరెన్సీ చెస్టుకి స్ట్రాంగ్ రూం కనీసం 1,500 చదరపు అడుగులు ఉండాలని 2019లో రిజర్వు బ్యాంకు చెప్పింది. పాత భవనాల్లో స్ట్రాంగ్ రూం ఒక పెద్ద పడకగదంత ఉంటుంది. దాన్ని పెంచాలంటే చుట్టూ ఉన్న, మిద్దె బరువు మోసే గోడలు కొట్టాలి, అవి కొడితే మిద్దె దిగుతుంది.

అసలు బ్యాంకు అంటే సొంత భవనం అన్న లెక్క మారి యాభై ఏళ్లయింది. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన నాటికి దేశం మొత్తం మీద శాఖలు 8,262. 1990 నాటికి దాదాపు 60,000. ఇన్నిటికి భవనాలు కట్టడం అయ్యే పని కాదు, ఊళ్లో ఎవరి మేడ ఖాళీగా ఉంటే అందులో దిగారు. సరిహద్దు జిల్లాల్లో ఇప్పుడున్న శాఖల్లో చాలావాటికి భవనం అంటే కింద చెప్పుల షాపు, పక్కన ట్యూషన్ సెంటర్, మధ్యలో షట్టరు.

ఖాళీ అయితే ఏమవుతుంది

పాతది కాబట్టి చట్టం కాపాడుతుందిలే అన్న నమ్మకం జనంలో ఉంది. అది సరికాదు. కేంద్ర చట్టం కింద పురాతన కట్టడంగా గుర్తించాలంటే కనీసం 100 ఏళ్ల వయసుండాలి, ఉన్నా ప్రభుత్వం నోటిఫై చేస్తేనే రక్షణ. పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థల జాబితాలో పేరెక్కితే గుర్తింపు వస్తుంది గానీ కూల్చడాన్ని అది ఆపలేదు. 1920లలో, 30లలో కట్టిన బ్యాంకులు ఇప్పుడిప్పుడే ఆ వయసు గీత దగ్గరికి వస్తున్నాయి. దేవాలయాలు, కోటలు ఉండగా బ్యాంకుని నోటిఫై చేయమని అడిగేవాళ్లూ తక్కువే.

ఇక మిగిలేవి రెండు మూడు దారులు. భవనం బ్యాంకు సొంతమైతే రికార్డు గదిగానో, ట్రైనింగు సెంటరుగానో కొన్నాళ్లు నడిపి ఆనక అమ్మకానికి పెట్టొచ్చు. అద్దెదైతే యజమాని వారసులు పంచుకోవాలి, బజారులో యాభై అడుగుల ముఖం ఉన్న స్థలం విలువ ముందు గోడల విలువ లెక్కలోకి రాదు. వాడకం మార్చడానికి పెద్ద హాలు బాగా పనికొస్తుంది, లైబ్రరీకి, బట్టల షోరూంకి, చిన్న ఫంక్షన్లకి. స్ట్రాంగ్ రూమే ఎటూ పనికిరాదు, గాలి లేని గది, పగలగొడితే ఖర్చు.

కూల్చివేతే ఖాయమైన చోట లెక్క ఇంకోలా ఉంటుంది. సిమెంటుతో కట్టిన గోడ కూలిస్తే రాళ్లకుప్ప వస్తుంది, సున్నంతో కట్టిన గోడలో సున్నమే ముందు విడిపోతుంది కాబట్టి ఇటుకలు చాలావరకు ఇటుకలుగానే చేతికొస్తాయి. కప్పులోని బర్మా టేకుకి పాత కలప అడితీల్లో ఎప్పుడూ గిరాకీ ఉంది. వందేళ్లు ఆరిన కర్ర ఇక వంకరపోదు, కోయించి కొత్త ఇళ్లకి గుమ్మాలు చేయిస్తారు.